నీలం రీలు

కాలర్‌ను తిరగేసి, మూలను సూదిమొనతో పైకి లాగింది. మూల సరిగా లేవకపోతే చొక్కా మొత్తం అలిగిన మొహంలా ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా కాలర్లే కుట్టడంతో ఆ బట్టల షెడ్డులో ఆమె అందరికీ కాలర్లక్క. ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. కుడి బొటనవేలి గోరు పక్కన పాత సూదిపోట్లు నల్లటి చుక్కలై మిగిలాయి.

మిషను పక్కన మేకుకు జానెడు వెడల్పు గుడ్డ ఒకటి వేలాడుతోంది. అది కూతురి తలనొప్పి జాతకం. నొప్పి వస్తే తల ఒకవైపు పగిలిపోతుంది, వెలుతురు చూడలేదు, వాంతులు. ఆ రోజంతా చీకటి గదిలో పడి ఉంటుంది.

"ముందు రోజు ఏం జరిగిందో గుర్తు పెట్టుకుంటూ రండి. ఎప్పుడు రావచ్చో కొంతైనా తెలుస్తుంది, ఖాయంగా కాదనుకోండి," అన్నాడు డాక్టరు. కాగితమైతే ఎక్కడో పోతుందని ఆమె రోజుకో కుట్టు వేసింది. మామూలు రోజుకు తెలుపు. వేళకు తినకపోతే పసుపు. రాత్రి సరిగా నిద్రపోలేదని పిల్ల చెబితే నీలం. నొప్పికి ఎరుపు. నెలకో వరుస చొప్పున పది నెలల గుడ్డ అది.

ఇవాళ నాలుగింటి బస్సుకు కూతురు నర్సు శిక్షణకు వెళ్తోంది. ఊరు కాని ఊళ్లో, ఏ మెట్ల మీదో నొప్పి కమ్మి పడిపోతే? ఎవరూ చూసుకోకపోతే? పోయినసారి ఇంటర్వ్యూకు ఈ ఎర్ర కుట్లు చూపించే ఆపింది. "వెళ్లొద్దే" అన్న మాట ఇవాళా పొద్దుటి నుంచి నాలుక చివరే ఉంది.

రెండు గంటలకు కూతురు సంచి భుజాన వేసుకుని షెడ్డుకు వచ్చింది.

"ఆ గుడ్డ ఇవ్వమ్మా. అక్కడి డాక్టరుకు చూపిస్తా."

కిటికీ వెలుగులో పట్టి చూసి నుదురు చిట్లించింది. "ఇన్ని ఎర్రవేంటి? ఇదిగో, ఇంటర్వ్యూ తప్పిన రోజు. ఆ రోజు నాకు నొప్పే లేదు."

"కళ్లు ఎర్రబడ్డాయి కదే."

"ఏడ్చానమ్మా."

పక్కన గుండీలు కుట్టే ఆవిడ కిసుక్కుమంది. "నీ భయానికి వేరే రంగు రీలు కొనాల్సింది, కాలర్లక్కా!"

ఆమె నవ్వలేదు. గుడ్డ లాక్కుని చిన్న కత్తెర అందుకుంది. "మాత్రలు వేసుకున్న తారీఖులు నీ ఫోనులో ఉన్నాయిగా. చదువు."

కూతురు చదువుతోంది. మాత్ర లేని రోజు మీది ఎరుపును ఆమె తెంపేస్తోంది. దారం పోయిన చోట సూది రంధ్రాలు మిగిలాయి. చివరికి ఎర్రవి తొమ్మిదే తేలాయి. వాటిలో ఏడింటికి ముందు రోజు నీలం.

"నిద్ర చెడిన మర్నాడే వస్తోందే!" అంది దొంగ దొరికినట్టు. "ఎందుకు చెడింది అన్నిసార్లు?"

కూతురు సంచి పట్టీ సర్దుకుంది.

"చెప్పవే."

"నువ్వు లేపేదానివి కదమ్మా. నొప్పిగా ఉందా అని."

ఆమె కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు పడుకోవు. నా మొహం చూస్తూ కూర్చుంటావు."

ఆమె గుడ్డ చివర చూసింది. ఆఖరి నాలుగు కుట్లూ తెల్లవే. తొందర ఆర్డరు పని వల్ల ఆ నాలుగు రోజులూ తనే ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నాలుక చివరి మాట మింగేసింది.

"రేపు రాదు. రాకపోవచ్చు. వెళ్లు." గుడ్డను మడతపెట్టి కూతురి చేతిలో పెట్టింది. "వేళకు తిను. రాత్రిపూట నేను ఫోను చెయ్యను."

"ఒట్టు?"

"ఒట్టే. పొద్దున్నే ఆరింటికి చేస్తా."

"ఎనిమిదికి."

"సరే, ఎనిమిదికే చేస్తాలేవే."

ఇక కుట్లు నేనే వేసుకుంటానంటూ కూతురు బల్ల మీది రీళ్లు, సూది సంచిలో వేసుకుంది. తల్లి చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వెళ్లిపోయింది. బస్సు దాకా వెళ్తే నోరు జారుతుందని ఆమె కుర్చీలోంచి లేవలేదు. నాలుగింటికి రోడ్డు మీద హారను మోగింది. చేతిలోని కాలర్ మూలను ఆమె వంకర లేకుండా పైకి లాగింది.

కత్తెర కోసం చెయ్యి చాపితే వేళ్లకు తగిలింది నీలం రీలు. దారం కొస ఊడిపోకుండా రీలు గాటులో జాగ్రత్తగా దోపి, కూతురు అదొక్కటే వదిలి వెళ్లింది.