తడి మీద పొడి

ఆ పొద్దున ఆకాశం కురవలేదు. తెరిపీ ఇవ్వలేదు.

తడి ఆరని గోడలా — బూడిదరంగులో, కిటికీకి అడ్డంగా నిలబడింది.

కిటికీ పక్కన మంచం. మంచం మీద మేస్త్రీ భార్య. నడుం విరిగిన నాటి నుంచి కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. ఒంట్లోని నీళ్లూ చెప్పాపెట్టకుండా పోవడం మొదలుపెట్టాయి.

అందుకే ప్యాడ్లు.

ప్యాడ్ల కింద మంట.

మేస్త్రీవి ముప్పయ్యేళ్లు గోడలు లేపిన చేతులు. తడి గచ్చు మీద పొడి సిమెంటు చల్లి, తాపీతో నున్నగా రుద్దడం వాటికి తెలుసు. ఇక్కడా అదే చేశాయి. తడి తగిలితే పౌడరు. ఇంకాస్త పౌడరు. పైన ప్యాడ్, బిగించి.

ఆమె మంచినీళ్లు తాగడం మానేసింది... అంతే.

పొద్దున పెట్టిన చెంబు పొద్దుగూకినా నిండుగానే ఉండేది.

ఆ పొద్దున నర్సమ్మ వచ్చి దుప్పటి తీసింది. తొడల మడతల్లో చర్మం ఎర్రగా చిట్లి ఉంది. ఆ చిట్లిన చోట పౌడరు ఉండలు — ఇసుక రవ్వల్లా.

"తడి మీద పొడి చల్లితే ఏమవుతుందో, మేస్త్రీవి, నీకు నేను చెప్పాలా?"

"గట్టిపడుతుంది," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నన్నూ గోడే అనుకున్నాడులే, సిస్టరమ్మా."

ఎన్నాళ్లకో మంచం మీంచి వచ్చిన మాట అది. నర్సమ్మ నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

"నిండేదాకా ఆగకు, తడవగానే మార్చు. గోరువెచ్చటి నీళ్లతో కడుగు. రుద్దకు, అద్దు. గాలికి ఆరనిచ్చి, ఈ మందు పల్చగా రాసి, అప్పుడు ప్యాడ్... వదులుగా. ఇక నువ్వు అక్కా, నిన్నటి చెంబు నిండుగా అలాగే ఉంది. నీళ్లు మానేస్తే మంట ఇంకా ఎక్కువవుతుంది. తాగు. ఇది పుండు పడిందంటే ఇంట్లో మానదు. ఆసుపత్రిలో పడుకోవాల్సిందే."

నర్సమ్మ వెళ్లిపోయింది.

రుద్దడం తెలిసిన చేతులు. అద్దడం తెలియని చేతులు.

మెత్తటి గుడ్డ తడిపి, ముందు తన చెంప మీద అద్ది చూసుకున్నాడు. సిమెంటు తిన్న వేళ్లు గరగరమన్నాయి. గుడ్డను ఇంకో మడత వేశాడు.

"మండుతోందా?"

ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది. అతను కట్టిన గోడే.

అద్దాడు. ఆగాడు. గాలి రావడానికి కిటికీ రెక్క ఇంకాస్త తోశాడు. ఆరేదాకా కదలకుండా కూర్చున్నాడు — కొత్త గచ్చుకు కాపలా కూర్చున్నట్టు.

మధ్యాహ్నం మంచం పక్కన పీట వేసుకున్నాడు. ఆమెకో కంచం, అతనికో కంచం. మధ్యలో చెంబు.

ఇద్దరూ తిన్నారు.

అతను చెంబు వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి కంచంలోకే చూశాడు.

చెంబు లేచిన చప్పుడు.

ఒక్క గుక్క.

రెండోది... చెంబు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

కిటికీలో ఆకాశం, తడి ఆరని గోడ. కురవలేదు. తెరిపీ ఇవ్వలేదు.