పాపకో కుర్చీ

తలుపు కొడితే చాలు, మా వాడికేదో అయిందనుకుంటాను. వాడు జనానికి కారు నడపడం నేర్పుతాడు. బ్రేకుకీ యాక్సిలరేటరుకీ తేడా తెలియనివాళ్ళ పక్కన కూర్చోవడమే వాడి ఉద్యోగం. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతాను.

ఆ రోజు వచ్చింది పోలీసులు కాదు, మెడలో కెమెరా వేసుకున్న ఒకమ్మాయి. ఉరుము అని పేరుపడ్డ ముసలి రాక్ గాయకుడి మీద డాక్యుమెంటరీ తీస్తోందట. ఫోనులో పాత వీడియో చూపించింది.

"ఆంటీ, ఇందులో ఏడుస్తున్న పిల్లాడు మీ అబ్బాయేనా?"

నాకు చూడక్కర్లేదు. ఆ కచేరీ రోజు తొక్కిసలాట అవుతుందేమోనని వాడి చొక్కా పట్టుకుని పక్కనే నిల్చున్నాను. వాడి చేతిలో వాళ్ళ నాన్న చేసిన గిటారు. మా ఆయన వడ్రంగి. మంచాన పడ్డాక కూడా, లేచి కూర్చోగలిగినప్పుడల్లా కాస్త కాస్త చెక్కి, దాన్ని పూర్తిచేసి మరీ పోయాడు. ఉరుము వేదిక మీంచి వంగి "ఇలా ఇవ్వు తమ్ముడూ" అన్నాడు. వాయిస్తాడనుకుని మా వాడు మురిసిపోతూ అందించాడు. "వద్దు అన్నా, వద్దు!" అని వాడు గొంతు చించుకుంటుంటే నేలకేసి కొట్టాడు. జనం ఒకటే ఈలలు. ముక్కలు నేనే ఏరి సంచిలో వేసుకొచ్చాను. ఆ తర్వాత మా వాడు ఏ గిటారూ ముట్టలేదు. ఆ సంచి మాటే ఎత్తనివ్వడు.

"ఆయన మీ ఇంటికొచ్చి కొత్త గిటారు ఇస్తారు ఆంటీ. అబ్బాయి తీసుకుంటాడు. సినిమాకి అదే ఆఖరి సీను."

"ఎందుకులేమ్మా, పోనీ" అని గొణిగాడు, అప్పుడే పని నుంచి వచ్చిన మా వాడు.

"రమ్మనమ్మా" అన్నాను నేను.

వచ్చాడు. మండుటెండలో బొచ్చు కోటు. ఒక కాలికి ఎర్ర బూటు, ఇంకో కాలికి పచ్చది. చంకలో, పసిపిల్లల దుప్పట్లో చుట్టిన తన పాత గిటారు. వెనక ఆ అమ్మాయి కొత్త గిటారు పెట్టె మోసుకొస్తోంది.

"చెల్లెమ్మా, పాపకో కుర్చీ!"

పాప ఎక్కడా అని గుమ్మంలోకి తొంగి చూశాను. ఆయన దుప్పటి విప్పి గిటారుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫ్యాను దానివైపు తిప్పమన్నాడు. చెమట పడితే దానికి జలుబు చేస్తుందట.

"పాపకి మంచినీళ్ళేమైనా కావాలా అన్నగారూ?"

"వద్దు వద్దు. నీళ్ళంటే దానికి హడల్."

నవ్వులాటకి కాదు, నిజంగానే అన్నాడు. నాలాంటి తల్లే పాపం అనిపించి ఒక్క క్షణం మెత్తబడ్డాను కూడా.

కెమెరా పెట్టి ఆ అమ్మాయి అడిగింది. "ఆ రోజు పగలగొట్టిన గిటారు గుర్తుందా సార్?"

"ఎన్నని గుర్తుంటాయి? మంటకి కట్టెలు గుర్తుంటాయా?" మా వాడి వీపు చరిచాడు. "చెక్కముక్క కోసం ఇన్నేళ్ళు ఏడ్చావట్రా? ఇదిగో కొత్తది. దానికంటే వందరెట్లు మంచిది."

మా వాడు తల వంచుకుని పెట్టె అందుకోబోయాడు. నా మెత్తదనం అక్కడితో సరి.

"అన్నగారూ, పాపనెప్పుడైనా పగలగొట్టారా?"

"ఛఛ, అవేం మాటలు! పగలగొట్టడానికి ఎప్పుడూ జనం దగ్గరే తీసుకుంటాను."

"ఒక్కసారి ఎత్తుకోనా?"

పొంగిపోయాడు. "తల కింద చెయ్యి పెట్టమ్మా" అంటూ అందించాడు.

పాప మెడ పట్టుకుని లేచాను.

"అందరూ కాస్త వెనక్కి జరగండి. అమ్మాయ్, కళ్ళద్దాలు పెట్టుకో, పేడు ఎగిరి కంట్లో పడిందంటే కష్టం. ఒరేయ్, నువ్వు చెప్పులేసుకో."

అప్పుడు తెలిసింది ఆయనకి. మోకాళ్ళ మీద పడ్డాడు. "వద్దు చెల్లెమ్మా, వద్దు!"

అచ్చం అదే అరుపు.

"అమ్మా!" అన్నాడు మా వాడు.

కొట్టాను. మొదటి దెబ్బకి ఘుమ్మని మోగిందే గాని విరగలేదు, గట్టి పిండం. ఊపిరి తీసుకుని మళ్ళీ కొట్టాను. మెడ ఊడి చేతిలోకొచ్చింది. దాపరికమెందుకు, ఐసుముక్క మింగినంత హాయిగా ఉంది.

ఆయన వెక్కుతూ ముక్కలు దుప్పట్లోకి ఏరుకున్నాడు.

"చిన్నవి వదలకండి, కాలికి గుచ్చుకుంటాయి" అన్నాను. కొత్త గిటారు పెట్టె తెచ్చి ఆయన ముందే పెట్టాను. "చెక్కముక్క కోసం ఏడుస్తారా అన్నగారూ? ఇదిగో కొత్తది. వందరెట్లు మంచిదట."

ఆ అమ్మాయి కెమెరా ఆపనే లేదు.

వాళ్ళు వెళ్ళాక నాకు మళ్ళీ భయం పట్టుకుంది. "గడియ వెయ్యరా. పోలీసులొస్తారేమో. దారిలో ఆయనకి గుండె ఆగిందంటే ఎవరు జవాబు చెప్పాలి?"

"నువ్వు చేసింది తప్పమ్మా" అన్నాడు, పేళ్ళు ఊడుస్తూ.

"తప్పే. మళ్ళీ తెస్తే మళ్ళీ కొడతా."

వాడు కాసేపు ఊడ్చినచోటే ఊడ్చాడు. తర్వాత చీపురు గోడకి ఆనించాడు.

"నాన్న గిటారు సంచి ఏదీ?"

"బీరువా మీద. స్టూలు ఎక్కకు, ఊగుతుంది..."

వినకుండా ఎక్కి దించాడు. ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. ఒకదానికి ఇంకొకటి ఆనించి, తిప్పి, మళ్ళీ ఆనించాడు. కుదిరింది.

"జిగురుందా?"

"ఉంది. వేళ్ళకి అంటుకుంటే ఊడదు, జాగ్రత్త" అన్నాను.