ఆశ లేదని ప్రమాణం

"కుక్క పేరేమిటి మేడమ్?" అని అడిగాడు లోన్ సంస్థ వకీలు.

"బిస్కట్ అండీ," అంది వెర్నీసక్క.

"బిస్కట్ తిండికి నెలకి ఎంత అవుతుంది?"

ఆమె చెప్పింది. ఆయన రాసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నడుము నొప్పికి సాక్షి కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్న మనిషి, కుక్కకి పెట్టే తిండికి నిండు కోర్టులో సంజాయిషీ చెప్పుకుంటోంది. వెనక బెంచీల్లో పన్నెండు మందిమి కూర్చుని చూస్తున్నాం. అందరం ఓహియో నది ఒడ్డున కార్వర్ ఫెర్రీ ఊళ్లో ఒకే లాండ్రీలో పనిచేసేవాళ్లం. వెర్నీస్ టాలివర్‌ని చర్చిలో సిస్టర్ అంటారు. మాకు ఆమె అక్క.

ఆ వకీలు పేరు ప్రెంటిస్. గొంతు పెంచడు. మాటకి ముందు మేడమ్, మాట తర్వాత మేడమ్. అంత మర్యాదగా మనిషి చర్మం ఒలవడం నేనెక్కడా చూడలేదు.

మేమంతా ఒకే కాలేజీలో చదివాం. ఆపరేషన్ చేసే డాక్టర్ పక్కన నిలబడి కత్తులు, కత్తెర్లు అందించే చదువు. ఉక్కు మిల్లు మూతపడ్డాక, టీవీలో ప్రకటన చూసి అప్పు చేసి చేరాం. పాసయ్యాక తెలిసింది, ఆ పట్టాని ఏ ఆసుపత్రీ లెక్కచేయదని. ఇప్పుడు ఆ ఆపరేషన్ గదుల్లోంచి నెత్తుటి దుప్పట్లు మా లాండ్రీకి వస్తాయి. మేం ఉతుకుతాం. చదివిన చదువుతో ఆ గదులకి మేం చేరగలిగినంత దగ్గర అంతే.

కాలేజీ యజమాని దివాలా తీశాడు. ఇదే భవనం, ఇదే జడ్జి అబర్నథీ. అతని అప్పులన్నీ రద్దయ్యాయి, షికారు పడవ కొన్న అప్పుతో సహా. తర్వాత వెర్నీసక్క దివాలా పిటిషన్ పెట్టింది. క్రెడిట్ కార్డులు, ఆసుపత్రి బిల్లు, అన్నీ కొట్టేశారు. చదువు అప్పు మాత్రం కదల్లేదు. అది పోవాలంటే విడిగా దావా వెయ్యాలి. ఇప్పుడు బతకలేకపోతున్నానని, ఇకముందు కూడా బాగుపడే ఆశ లేదని ప్రమాణం చేసి రుజువు చెయ్యాలి. అదే డబ్బు అక్క జూదంలో తగలేసి ఉంటే ఈపాటికి రద్దయ్యేది. చదువుకునే పిల్లలారా, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

వకీలుని పెట్టుకునే స్తోమత ఉంటే దివాలా ఎందుకు తీస్తాం? మేమే అక్కకి తర్ఫీదు ఇచ్చాం. ఆరు ఆదివారాలు ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో చేరేవాళ్లం. బాయిలర్ దగ్గర పనిచేసే డ్వేన్ కొవాచిక్ ప్రెంటిస్ వేషం కట్టేవాడు.

"నీకు బాగుపడే ఆశ ఉందా?" అని గద్దించేవాడు.

అక్క ఫక్కున నవ్వేది.

"నవ్వకే తల్లీ! నవ్వావంటే కొంప మునిగిద్ది. లేదు అను. ఏడుపు మొహం పెట్టుకుని అను."

"నీ మొహం చూస్తే ఏడుపెట్టా వస్తదిరా?"

నవ్వే మనిషికి ఏడవడం నేర్పాం. అందుకు సిగ్గుపడాలని కూడా మాకు అప్పుడు తోచలేదు.

కోర్టులో ప్రెంటిస్ కాగితం తిప్పాడు. "జనవరిలో మీ కారు ఎవరు బాగుచేశారు మేడమ్?"

"మా డ్వేన్ అండీ."

"కూలి తీసుకున్నాడా?"

"మావాడు గదండీ, ఎందుకు తీసుకుంటాడు?"

"శుక్రవారాలు మీ ఇంటికి భోజనం వస్తుందట?"

"నేను వంగి వండుకోలేనని మా లాండ్రీ వాళ్లు తెస్తారండీ. చికెను, బీన్సు..."

ఆ చికెన్ నేను వండిందే. ప్రెంటిస్ జడ్జి వైపు తిరిగి, "ఈమెకు ఆసరా ఉంది, గమనించండి," అన్నాడు. మేం పెట్టిన కూడు తెచ్చి ఆమె మీదే సాక్ష్యంగా నిలబెట్టాడు.

"చివరి ప్రశ్న మేడమ్. మీ నడుము బాగవుతుందని, మంచి రోజులు వస్తాయని మీకు ఆశ ఉందా?"

అక్క తన కుడిచెయ్యి వంక చూసుకుంది. ఇందాక ప్రమాణానికి ఎత్తిన చెయ్యి.

"దేవుడి తోడని ప్రమాణం చేశానండీ. అబద్ధం ఆడలేను. ఆయన తలుచుకుంటే ఎందుకు బాగవ్వదు? ఆశ ఉందండీ."

"థాంక్యూ మేడమ్," అన్నాడు ప్రెంటిస్.

పదిరోజులకు తీర్పు వచ్చింది. తోటివారి ఆదరణ ఉంది, తనకే ఆశ ఉందని ఒప్పుకుంది, కనుక అప్పు రద్దు కుదరదు. ఆమె జీతంలో కోత అలాగే ఉంటుంది.

మర్నాడు భోజనాల గదిలో డ్వేన్ బల్ల మీద గుద్దాడు. "ఒక్క మాట! ఒక్క మాటనలేకపోయావా?"

"ఆశ లేదని ఒట్టేసి, మళ్లీ ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని పాట పాడనురా?"

"పాట కూడు పెడద్దా?"

"కూడు మీరు పెట్టారుగా. అదీ నేరమే అయికూర్చుంది."

ఇస్త్రీ యంత్రం మీద పనిచేసే మారిబెల్ మెల్లగా అంది. "అప్పీలు ఉంది గదా. అప్పటిదాకా మనం ఆపేద్దామా? భోజనం గిన్నెలూ, కారు రిపేరూ, అన్నీ. ఆసరా లేదని తెలిస్తే జడ్జి ఒప్పుకుంటాడేమో."

వాదించుకున్నాం. కుక్కకి కూడా అలా చెయ్యరని ఒకరు, గెలవాలంటే తప్పదని ఒకరు. ఆపడానికి ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. అక్క మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"నా మంచికే గదా. కానీండి," అంది.

మూడు శుక్రవారాలు ఎవరం ఆమె గుమ్మం తొక్కలేదు. కారు మొరాయిస్తే డ్వేన్ ముట్టుకోలేదు. మార్చి చలిలో ఆమె బస్సు దాకా నడిచింది. అంతవరకు తడి దుప్పట్ల బండ్లు ఆమె వంతువి కూడా మేం తోసేవాళ్లం. అదీ మానేశాం, ఈమె పని చెయ్యలేకపోతోందని సూపర్‌వైజర్ రాస్తే కోర్టులో పనికొస్తుందని. నాలుగో వారం, మంగళవారం పొద్దున పదిన్నరకి, నిండు బండి తోస్తూ అక్క ఆగింది. నా వైపు చూసింది. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. కదలబోయి, నిర్ణయం గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమె కూలిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆ నాలుగడుగులు ఎందుకు వెయ్యలేదో నా జన్మలో ఎవరికీ చెప్పుకోలేను. అయినా మీకు చెబుతున్నాను.

మర్నాడు లోన్ సంస్థ నుంచి వసూలు కోసం ఆమె ఇంటికి ఫోన్ వచ్చింది. కుక్కని తీసుకెళ్లడానికి వచ్చిన డ్వేనే ఎత్తాడు. ఆమె పోయిందని చెప్పాడు. వారానికి ఆ సంస్థ ఉత్తరం వచ్చింది. ఖననం అయ్యాక చర్చి కింది గదిలో అతనే చదివాడు. 'మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాము. మరణ ధ్రువపత్రం అసలు ప్రతి పంపినచో మిగిలిన అప్పు రద్దు చేయబడును.'

"చచ్చినాక కొట్టేస్తారంట," అన్నాడు. ఉత్తరం మడిచి బల్ల మీద పడేశాడు.

మారిబెల్ వెక్కుతోంది. "నేనే అన్నాను. గిన్నెలు ఆపమని నేనే అన్నాను."

"నువ్వంటే మేం చేతులెత్తలేదా?" అన్నాను. "వాళ్ల చట్టం మనిషిని ఒంటరిగా రమ్మంది. మనం ఒంటరిని చేసి మరీ అప్పజెప్పాం. వాళ్లు చెయ్యలేని పని మన చేత్తో చేయించుకున్నారు."

"ఇప్పుడేం చేద్దామంటావు? మళ్లీ ఏడుపు నేర్చుకుందామా?" డ్వేన్ అరిచాడు.

"వద్దు. ఏడవడానికి ఇంకెవరం పోవద్దు. పోతే అందరం పోదాం."

ఆ శుక్రవారం గిన్నెలు మళ్లీ మొదలయ్యాయి. లాండ్రీ ముప్పై మంది దివాలా కాగితాలు, చదువు అప్పు రద్దు దావాలు నింపుకున్నారు. ఎవరెవరికి ఏం పెడుతున్నామో దాచకుండా రాశాం. అక్క పోకముందే నేను వేసిన దావా మే నెలలో విచారణకి వచ్చింది. ఆ పొద్దున పనికి రానివాళ్ల ఉద్యోగం ఊడుతుందని లాండ్రీ యజమాని నోటీసు అంటించాడు. ముప్పై మందీ నీలం యూనిఫాంలతో కోర్టుకే వచ్చారు. తొమ్మిదయ్యేసరికి దుప్పట్లేవని ఆసుపత్రి వాళ్లు మా యజమానికి నాలుగుసార్లు ఫోన్ చేశారట.

ప్రెంటిస్ లేచాడు. "మేడమ్, మీక్కూడా భోజనాలు వస్తాయా?"

"వస్తాయి. మొన్న మారిబెల్ మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి ఉడికించిన టమాలీలు తెచ్చింది, పన్నెండు. రాసుకోండి. కారం కాస్త ఎక్కువైంది, అదీ రాసుకోండి."

బెంచీల్లో నవ్వు. జడ్జి బల్ల కొట్టాడు.

"బాగుపడే ఆశ ఉందా మేడమ్?"

ఏమనాలో నాకు తెలుసు. లేదని ఆ ఒక్క మాట అంటే ముసలిదాన్నయ్యేదాకా ఉండే జీతం కోత ఆగొచ్చు. అక్క ఆ రోజు ఇదే కుర్చీలో కూర్చుంది.

"ఉంది," అన్నాను.

వెనక డ్వేన్ లేచాడు. "నాక్కూడా ఉంది. రాసుకో!"

"కూర్చో!" అన్నాడు జడ్జి. మారిబెల్ లేచింది. బెంచీలకి బెంచీలు లేచాయి. ఉంది, ఉంది అని గోల. జడ్జి అరిచాడు, బంట్రోతులు తోశారు, డ్వేన్‌కి బేడీలు పడ్డాయి. నా దావా అక్కడికక్కడే పోయింది. అతన్ని లాక్కెళుతుంటే, "కుక్కకి తిండి పెట్టండే!" అని వెనక్కి తిరిగి కేకేశాడు.

మిగిలినవాళ్లం కింది అంతస్తుకి దిగి, దావాలు తీసుకునే కిటికీ ముందు గుంపుగా నిలబడ్డాం. డ్వేన్ కాగితాలు నా చేతిలో ఉన్నాయి. కిటికీ వెనక గుమాస్తా మా నీలం యూనిఫాంలు చూసి కంగారుపడింది.

"ఒక్కొక్కరే రండి. ఇక్కడ ఒక్కొక్కరే రావాలి."

"ఒక్కళ్లని పంపి చూశాం తల్లీ," అంది మారిబెల్. "మళ్లీ పంపం."

ముప్పై కట్టలూ ఒకేసారి కిటికీలోంచి తోశాం.