బరువు తగ్గని నడక

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చిన బస్సు డ్రైవరు ముఖం కడుక్కుని, కొత్త బూట్లు వేసుకుని మళ్ళీ వీధిలోకి నడిచాడు. అతను గుమ్మం దాటాడో లేదో ముందు గదిలో నవ్వులు మొదలయ్యాయి.

“పొద్దుణ్ణుంచీ బస్సులో ఊరంతా చుట్టింది చాలలేదు కాబోలు అక్కా, బావ ఇప్పుడు కాలినడకన బయల్దేరాడు” అన్నాడు బావమరిది. వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. ఎంతటి ముటముటలాడే మనిషినైనా ఇట్టే నవ్వించగలడు. అక్క నవ్వింది. చదువుకుంటున్న మేనకోడలు కూడా పుస్తకం చాటున నవ్వింది.

ఆ నవ్వులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అది ప్రేమలేని ఇల్లు కాదు. ఈ సంగతి పాఠకులు మనసులో ఉంచుకోవాలని మనవి. ఎందుకంటే ఇలాంటి నవ్వు మన ఇళ్ళలో చాలా చోట్ల వినిపిస్తూనే ఉంటుంది.

డ్రైవరు జీవితంలో సగం ఆ సీటు మీదే గడిచింది. దిగితే భోజనం, భోజనమయ్యాక కుర్చీ, కుర్చీలోంచి మంచం. పొట్ట పెరిగి స్టీరింగుకు తగులుతుంటే బంధువులు “ఒళ్ళు చేశావు, సుఖంగా ఉన్నావన్నమాట” అని మెచ్చుకునేవారు. మందు మాత్రం ఏనాడూ ముట్టినవాడు కాదు. పొద్దున బస్సు తీసేముందు తాగారో లేదో చూసే గొట్టంలోకి డ్రైవర్లందరూ ఊదాలి. అతనంత ధీమాగా ఊదేవాడు డిపోలో మరొకడు లేడు.

అలాంటి మనిషికి, డిపోలో జరిపిన వైద్య పరీక్షల్లో కాలేయానికి కొవ్వు పట్టిందని చెప్పారు.

“నేను తాగనండీ” అన్నాడు అతను వెంటనే.

“తాగనివాళ్ళకీ వస్తుంది. కదలకుండా కూర్చునేవాళ్ళకి మరీను” అంది డాక్టరమ్మ. “రోజూ చెమట పట్టేలా నడవండి. తిండి కాస్త తగ్గించండి. ప్రస్తుతానికి మీకు అదే మందు.”

కాలేయం జబ్బంటే తాగుబోతుల జబ్బని లోకం నమ్మకం. అతనూ అలాగే నమ్మినవాడు. అందుకే ఇంట్లో అసలు మాట చెప్పలేకపోయాడు. “ఒళ్ళు తగ్గమన్నారు” అని ఊరుకున్నాడు. దాంతో ఇంటిల్లిపాది దృష్టీ అతని బరువు మీద పడింది. బావమరిది సరదాపడి బరువు చూసే మిషన్ ఒకటి కొనితెచ్చాడు. ఆదివారం వచ్చిందంటే అందరి ముందూ బావను దానిమీద నిలబెట్టేవాడు.

వారాలు గడిచాయి. ముల్లు ఉన్నచోటే ఉంది.

“ముల్లే కదలడం లేదు, నువ్వెందుకు బావా కదలడం?” అన్నాడు బావమరిది ఒక ఆదివారం. ఇల్లంతా గొల్లుమంది. డ్రైవరు కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం భార్య మెల్లిగా అంది: “ఇంక చాలించండి. అసలే అలిసిపోయి వస్తారు. మీ ఆయనకేం జబ్బని వీధిలో అందరూ అడుగుతున్నారు, నాకు తల కొట్టేసినట్టుంది.”

మర్నాటి నుంచి అతను వెళ్ళలేదు. టీవీ ముందు అతని కుర్చీ అతనికి తిరిగి వచ్చింది. ఇంట్లో అందరికీ ప్రాణం కుదుటపడింది.

ఏళ్ళు గడిచాయి. షుగరు వచ్చింది. కాళ్ళు వాచాయి. పెడల్ తొక్కీ తొక్కీ వాచాయనుకున్నాడు. కాలేయం పాడైనా చాలాకాలం నొప్పి తెలియదు. అది సహిస్తున్నంతకాలం మనిషి తనకేమీ లేదనే అనుకుంటాడు. ఒకరోజు నిండు బస్సు నడుపుతుండగా కడుపులో తిప్పినట్టయింది. బస్సును పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, కిందికి దిగి నెత్తురు కక్కుకున్నాడు. కండక్టరు ఆటోలో ఆసుపత్రికి చేర్చాడు.

కాలేయం గట్టిపడిపోయిందని చెప్పారు. గుండె కూడా బలహీనంగా ఉండటంతో కాలేయం మార్చే దారి కూడా మూసుకుపోయింది.

“అప్పట్లో కొన్నాళ్ళు నడిచాడండీ” అన్నాడు బావమరిది, మంచం పక్కన నిలబడ్డ డాక్టరుతో. “బరువేమీ తగ్గలేదు. అందుకే మానేశాడు.”

“బరువు తగ్గకపోయినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది” అన్నాడు డాక్టరు. “ఆ సంగతి మిషన్ చెప్పదు. నడిచి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ అప్పుడు ఆయన చేతిలో ఉన్న మంచి అవకాశం అదే. వదిలేయకుండా ఉండాల్సింది.”

“ఇప్పుడు నడిపిస్తే?” అని అడిగింది భార్య.

డాక్టరు ఆమె వైపు చూసి, “ఇప్పుడు లేచి కూర్చోగలిగితే అదే ఎక్కువమ్మా” అన్నాడు.

డాక్టరు వెళ్ళిపోయాక, నిద్రపోతున్నాడనుకున్న మనిషి కళ్ళు తెరిచాడు. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. పొట్ట నీరు పట్టి బిగిసి ఉంది.

“ఆ నడిచిన రోజుల్లో బాగుండేదే” అన్నాడు భార్యతో. “సాయంత్రానికి ఒళ్ళు తేలిగ్గా అనిపించేది. ఆయాసం తగ్గింది. డిపో మెట్లు ఆగకుండా ఎక్కేవాణ్ణి.”

“మరి మాతో ఒక్కమాట అనలేదేం?”

“నవ్వుతారని.”

బావమరిది కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. తర్వాత నాలుగు రోజులూ అతను కొట్టు తెరవలేదు, బావ కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నాడు. వేలు నొక్కినచోటల్లా గుంట పడి అలాగే ఉండిపోయేది. ఐదోరోజు వాటిని ఒత్తాల్సిన పని లేకపోయింది.

అంత్యక్రియలయ్యాక డిపోలో తోటివాళ్ళు ఇంటికి పరామర్శకు వచ్చారు. ముందు గదిలో కుర్చీలు చాలక కొందరు గోడకానుకుని నిలబడ్డారు. వాళ్ళలో పెద్దవాడైన ఒక డ్రైవరు బావమరిది చెవి దగ్గరకు వంగి, “లివరంటున్నారు. దొంగచాటుగా ఏమన్నా తాగేవాడా?” అని అడిగాడు. చిన్నగానే అడిగాడు గాని, గది నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినిపించింది.

తల్లి భుజం మీద కూతురు చెయ్యి వేసింది. తల్లి ఆ చెయ్యి తీసి పక్కనపెట్టి తలెత్తింది. ఆమె కళ్ళలో నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి.

“తాగలేదన్నయ్యా” అంది. “బస్సులో కూర్చున్నారు, ఇంటికొచ్చి కూర్చున్నారు. ఆ జబ్బుతోనే పోయారు. ఒకసారి లేచి నడిచారు. అప్పుడు మేమంతా నవ్వి మళ్ళీ కూర్చోబెట్టాం. మీరు కూడా రోజంతా కూర్చునేవాళ్ళే. ఇంటికెళ్ళాక నడవండి. మీ ఇంట్లో ఎవరైనా నడవడానికి బయల్దేరితే నవ్వకండి. బరువు తగ్గకపోయినా నడవనివ్వండి. లోపల ఏం బాగుపడుతోందో పైకి కనిపించదు.”