రావచ్చు

యుద్ధం ముగిసిన ఏడు, నాగలమడికలో మేకలు కాసే సుబ్బక్కకు మగడు పనిచేసే పటాలం నుంచి ఇంగ్లీషు జాబు వచ్చింది. బడి మేష్టరు తిప్పేస్వామి చదివి, బోరయ్య ఈ వారం రావచ్చన్నాడు. అంతే, సుబ్బక్క చిన్నపిల్లలా గంతులేసింది.

"ఉండమ్మా! ఈడ 'మే' అని ఉండాది. 'విల్' అని ఉంటే తప్పక వస్తాడని. 'మే' అంటే రావచ్చు, రాకపోనూవచ్చు."

"రాకపోవచ్చని యాడ రాసినారు సామీ? చూపియ్యండి!"

మేష్టరు కాగితం తిరగేసి మరీ వెతికాడు. "అట్లా రాయలేదులేమ్మా" అని నవ్వేశాడు.

"రాయనిది మీరెందుకు చదువుతారు సామీ!"

పకపకా నవ్వుకుంటూ సుబ్బక్క గడపగడపకూ వెళ్లి, మగడు వస్తున్నాడని చాటేసింది.

నాలుగో నాడు బోరయ్య బూట్లు చేతబట్టుకుని ఏటి ఇసుకలో నడిచి వస్తుంటే, ఆమె మేకలను వదిలేసి ఎదురు పరుగెత్తింది.