అందరికీ పనికొచ్చే క్యాంపు

ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం సెలవుకి హ్యాచర్ల కుటుంబమంతా కెంటకీ కొండల్లో ఎక్కడో ఒకచోట క్యాంపు వేస్తుంది. ఎక్కడ వెయ్యాలన్నదే ఏటా పెద్ద రచ్చ. లోవెల్‌ది బస్సంత ఆర్‌వీ, చక్రాల మీద ఇల్లు. దానికి చదునైన జాగా, కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం తగిలించే చోటు, అన్నీ ఉండాలి. అతని కూతురు కోరీకి చిన్నపిల్లలు కాబట్టి చెరువూ శుభ్రమైన స్నానాల గదులూ ఉండాలి. లోవెల్ అక్క వెల్డాకి ఉన్నది గుర్రం. గట్టి దొడ్డి, మంచి నీళ్ళు, అడవిలోకి ఒక బాట ఉంటే ఆవిడ ఇంకేమీ అడగదు. ఈ గొడవ పడలేకే వంతులు పెట్టుకున్నారు. ఈ ఏడు వంతు వెల్డాది. ఆవిడ గుర్రాలవాళ్ళు మాత్రమే వెళ్ళే కోల్ బ్యాంక్ క్యాంపు ఎంచింది. అక్కడ కరెంటు లేదని తెలిసిన మర్నాడే లోవెల్ ఫోన్ చేశాడు.

"క్వైల్ రిడ్జ్‌లో బుక్ చేసేశానక్కా. పిల్లలకి చెరువుంది, నాకు కరెంటుంది, నీ గుర్రానికి దొడ్డి ఉంది. అందరికీ పనికొస్తుంది."

"వంతు నాది కదరా?"

"వంతుల్దేముంది, పని జరగడం ముఖ్యం గానీ."

"దొడ్డి ఎలా ఉందో, చుట్టూ ఏమున్నాయో అడిగావా?"

"గుర్రాలు తేవచ్చా అని అడిగా, తేవచ్చన్నారు. ఇంకేం అడగాలి? గుర్రానికి ఏసీ ఉందా అనా?"

వెనక నుంచి అతని భార్య మార్నీ కిసుక్కున నవ్వడం వినబడింది. వెల్డాకి ఒళ్ళు మండిపోయింది. కానీ కోరీ పిల్లలు టాన్సీ మీద స్వారీ చెయ్యాలని వేసవంతా కలవరిస్తున్నారు. టాన్సీ పుట్టగానే తల్లి చచ్చిపోతే వెల్డా సీసాతో పాలు పట్టి, రాత్రిళ్ళు పాకలో పక్కన పడుకుని పెంచిన ఆడగుర్రం. ఆ పిల్లల కోసమని కోపాన్ని దిగమింగుకుని సరేనంది.

గురువారం క్వైల్ రిడ్జ్ చేరగానే ఆ దిగమింగిన కోపం మళ్ళీ పైకొచ్చింది. దొడ్లు ఒక ఇరుకు దారి చివర ఉన్నాయి. దారికి ఒక పక్క గట్టు, ఇంకో పక్క చెట్లు. ఆ చెట్లు ఎర్ర మేపుల్. గుర్రాలవాళ్ళెవరైనా ఆ చెట్టుని దొడ్డి పక్కన ఒక్కరోజు కూడా ఉంచరు. కొమ్మ విరిగి ఆకు వాడిందంటే, అది తిన్న గుర్రానికి రక్తం పాడైపోయి ప్రాణం మీదికొస్తుంది. వెల్డా ఒక్కో దొడ్డీ చూసుకుంటూ వెళ్ళి, చెట్లకి అన్నిటికన్నా ఎడంగా ఉన్నదానిలో టాన్సీని వదిలింది.

అప్పుడే లోవెల్ బండి వచ్చింది. ఆ దారి పక్కనే అతనికిచ్చిన జాగాకన్నా బండే పొడుగు. ముక్కు దారిలోకి పొడుచుకొచ్చింది, కప్పు కొమ్మలకి రాసుకుంది. లోవెల్ రంపం తీసి కొమ్మలు నరకడం మొదలెట్టాడు.

వెల్డా పరిగెత్తుకొచ్చింది. "ఒరేయ్, ఆ కొమ్మలు దొడ్డి దరిదాపుల్లో ఉండకూడదు! వాడిన ఆకు గుర్రానికి విషం. గేటు దగ్గర చెత్తకుప్పలో పడేసి రా."

"అలాగే పోలీసమ్మా, అలాగే."

"నవ్వులాట కాదురా. నీ బండి ముక్కు కూడా వెనక్కి తియ్యి, నా గుర్రం ట్రైలర్ బయటికి పోవడానికి దారి లేదు."

"సోమవారం దాకా నువ్వెక్కడికి పోతావులే," అని లోవెల్ బండి కదలకుండా జాకీలు దింపేసి, పక్కలకి సాగే గదులు బయటికి జరిపి, గుడ్డ పందిరి విప్పేశాడు.

కొమ్మలు కాసేపు దారి పక్కన కనబడ్డాయి, తర్వాత కనబడలేదు. చెత్తకుప్పకి చేర్చి ఉంటాడనుకుంది వెల్డా.

శనివారం సాయంత్రం టాన్సీ మేత ముట్టలేదు. తల వేలాడేసి నిలబడింది, డొక్కలు ఎగిసెగిసి పడుతున్నాయి. వెల్డా పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు మట్టిరంగుకి తిరిగాయి. ఇంతలో గుర్రం మూత్రం పోసింది, కాఫీ డికాక్షన్ ఎలా ఉంటుందో అలా ఉంది. వెల్డా కంచె పట్టుకుని దొడ్డంతా తిరిగింది. నీళ్ళతొట్టి వెనకాల, నేలబారుగా, కొమ్మల కుప్ప. చాలా కొమ్మలకి ఆకే లేదు. మిగిలిన ఆకు ముడుచుకుపోయి ఉంది.

పశువుల డాక్టరు ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పింది. "వెంటనే తీసుకురండి. రక్తం ఎక్కించాలి, ఇచ్చే గుర్రం మా దగ్గరుంది. నడిపించడం కూడా మెల్లగా. ఆలస్యమైతే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు."

లోవెల్ పందిరి కింద మాంసం కాలుస్తున్నాడు.

"దొడ్లో కొమ్మలెవరు వేశారు?" అంది వెల్డా.

"నేనే. దారిలో ఉన్నాయని క్యాంపువాడు గొణిగాడు. గేటు దాకా ఎవడు మోస్తాడు? గుర్రాలకి మేతవుతుందని అటు గిరాటేశా. జింకలు తినట్లా?"

"చెప్పానురా! విషం అని నీ మొహం మీదే చెప్పాను!"

"నువ్వు ప్రతిదానికీ అంటావక్కా. ఆకుకే చస్తుందా అంత గుర్రం?"

"చస్తోంది. బండి తియ్యి."

లోవెల్ మొహంలో రంగు మారింది. కానీ ఆ బండి తియ్యాలంటే పొయ్యి ఆర్పాలి, పందిరి మడవాలి, గొట్టాలు ఊడదియ్యాలి, గదులు లోపలికి లాగాలి, జాకీలు ఎత్తాలి. అతను ఒక్కోటీ చేస్తూ వెళ్ళాడు. మధ్యలో ఒక జాకీ పైకి రానంది. వెల్డా వెళ్ళి దాన్ని బూటుకాలితో తన్నింది. లోపల మార్నీ బీరువాలోని పింగాణీ పళ్ళాలని ఒక్కోదాన్నీ గుడ్డలో చుడుతోంది.

"ఒక్క నిమిషం వదినా, బండి కదిలితే ఇవి పగుల్తాయి."

"పగిలి చావనీ!" వెల్డా చెయ్యి పెట్టి వరసంతా ఒక్క ఊపున కిందికి తోసేసింది. "నా పిల్ల అక్కడ ప్రాణాలు వదుల్తుంటే నువ్వు పళ్ళాలకి దుప్పట్లు కప్పుతావా? సిగ్గుందా మీ ఇద్దరికీ?"

వెల్డా బయటికొచ్చి దొడ్డి వైపు పరిగెత్తింది.

టాన్సీ పడుకుని ఉంది. వెల్డా అడుగుల చప్పుడు విని లేవబోయింది, ముందుకాళ్ళు చాపింది, ఒళ్ళు లేవలేదు. వెల్డా మట్టిలో కూలబడి ఆ తలని ఒళ్ళోకి తీసుకుంది. "వస్తున్నాడమ్మా, దారిస్తున్నాడు. కాస్త ఓర్చుకో బంగారం," అంటూనే ఉంది. గుర్రం ఒక పెద్ద ఊపిరి తీసింది. ఇంకోటి తీస్తుందని వెల్డా చూసింది. తియ్యలేదు.

కాసేపటికి ఆర్‌వీ ఇంజను మోగింది. బండి గేటు వైపు పోయింది. లోవెల్ రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"దారి ఖాళీ చేశానక్కా! ట్రైలర్ తెస్తా, ఎక్కిద్దాం పద!"

"ఇక తొందరేం లేదు. వెళ్ళి నీ పందిరి మళ్ళీ వేసుకో."

లోవెల్ గుర్రాన్ని చూశాడు. కంచె మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. "అక్కా... నాకు తెలీదు. ఒట్టు, నిజంగా తెలీదు."

"తెలీకపోవడానికి నీకెవరూ చెప్పలేదా? నేను చెప్పలేదా?"

లోవెల్ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు చూసి వెల్డాకి జాలి కలగలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. టాన్సీ తలని మెల్లగా నేలమీద ఆనించి లేచింది.

"లోపలికి రా. ఏరు."

"ఏంటీ?"

"ఆకులు. తొట్టి వెనకవీ, తొట్టి కిందవీ, గుర్రం కాళ్ళకింద పడ్డవీ. రేపు ఈ దొడ్లో ఇంకెవరి గుర్రమో దిగుతుంది. వాళ్ళకి నీలాంటి తమ్ముడు లేకపోవచ్చు, దాన్ని చంపడానికి ఈ ఆకులుంటే చాలు."

లోవెల్ మొహం తుడుచుకుని బండ్లో పార ఉందని అటు తిరిగాడు.

"పార కాదు. చేత్తో."

లోవెల్ కంచె దాటి వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. ఒక్కో ఆకూ ఏరి టోపీలో వేసుకుంటూ, గుర్రం పొట్ట దగ్గరికొచ్చి ఆగిపోయాడు. దాని కిందకి చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"దాని కింద కూడా," అంది వెల్డా.