గీత కింది కొమ్మలు

నేను ఒక డస్టర్‌ని. మామిడి చెక్క వీపు, దాని కింద పొరలు పొరలుగా అతికించిన మందపాటి గుడ్డ, అంతే నా ఒళ్లు. వడ్రంగి షెడ్డులో బెంచీలు చేయగా మిగిలిన ముక్క నుంచి నన్ను కోశారు. పుట్టుకతోనే నాకు నొప్పి లేదు. ఉంటే ఈ ఉద్యోగం చేయలేను. మనుషులు చెమటోడ్చి రాసినదాన్ని క్షణంలో లేకుండా చేయడం, ఆ తర్వాత కిటికీ గట్టుకేసి బాదించుకోవడం, ఇదీ నా పని. ఏం చెరిపావని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ పట్టించుకోలేదు.

మొదట ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్ చేతిలో పడ్డాను. ఆయన నన్ను బోర్డు మీద కన్నా నిద్రపోయే కుర్రాళ్ల మీదే ఎక్కువ వాడాడు. గురి మాత్రం ఒక్కసారీ కుదరలేదు. సంభావ్యత గురించి ఆయన దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే.

ఆయన రిటైరయ్యాక గేదెల సింహాద్రప్పడు మాస్టారు నన్ను తన సంచిలో వేసుకున్నారు. సముద్రగాలి తగిలే ఆ విశ్వవిద్యాలయంలో గణిత విభాగానికి ఆయనే హెడ్డు. డస్టర్లు మాయమైపోతాయని ఆయనకి బెంగ. అందుకని క్లాసు అవగానే నన్ను గట్టుకేసి శుభ్రంగా దులిపి, పాత పేపర్లో చుట్టి, ఇంటికి పట్టుకుపోయేవారు.

ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది పిల్లలకు ఆయన ఆర్థిక గణితం చెప్పేవారు. ఇంకా రాని రేపటికి ఈ రోజే ధర కట్టే లెక్క అది. "మే నెలలో జీడిగింజల బస్తా ఇదే రేటుకి కొనుక్కునే హక్కు నీకు ఇప్పుడే అమ్మాననుకో. కావాలంటే కొంటావు, వద్దంటే మానేస్తావు. మరి ఆ హక్కు ఖరీదెంత? ఆప్షనంటే అదే" అనేవారు. ఇంత లెక్క తెలిసిన మనిషి తన డబ్బు మాత్రం పోస్టాఫీసులో దాచుకునేవారు. వెనక బెంచీ కుర్రాళ్లేమో లెక్క రాకుండానే ఫోన్లో ఆప్షన్లు కొని, మధ్యాహ్నానికల్లా మొహాలు వేలాడేసేవారు. మనుషుల తెలివి నాకు ఎప్పుడూ కొరుకుడు పడలేదు.

ముందు బెంచీలో డిల్లీశ్వరి అనే అమ్మాయి కూర్చునేది. వాళ్లది పలాస దగ్గర ఉద్దానం. అక్కడ చాలామందికి ఉన్నట్టే ఆమె తండ్రికీ కిడ్నీ జబ్బు. ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి మాటిమాటికీ రైలెక్కేది. పరీక్ష రాసి పాసవుతానని తండ్రికి మాటిచ్చానని పక్క అమ్మాయితో అంటుంటే విన్నాను. చలికాలంలో ఒకసారి వెళ్లి, చాలా రోజులు రాలేదు. మళ్లీ క్లాసుకొచ్చేసరికి తండ్రి లేడు. పోయే ముందు బాగా తేరుకుని, లేచి కూర్చుని, అన్నం అడిగి మరీ తిన్నాడట.

ఆ పిల్ల ఏడవలేదు. ఎవరు పలకరించినా "బానే ఉన్నాను" అనేది. నాకు ఆ గొంతు తెలుసు. నాకే మాటలొస్తే అలాగే ఉండేది.

ఆమె తిరిగొచ్చిన రోజు పాఠం, గీత ఉన్న ఆప్షన్. మాస్టారు బోర్డు మీద ధరల చెట్టు గీశారు. ఈనాటి ధరకి ఒక చుక్క, అక్కడి నుంచి ధర పెరిగితే ఒక కొమ్మ పైకి, తగ్గితే ఒక కొమ్మ కిందికి, మళ్లీ ఒక్కోదానికీ రెండేసి, ఏ దారికా దారి విడిగా కనిపించేలా. చుక్కకి కాస్త కిందుగా అడ్డంగా గీత లాగారు. "ధర ఒక్కసారి ఈ గీతని తాకిందా, ఒప్పందం చచ్చినట్టే. విలువ సున్నా. తాకిన దారులన్నీ చెరిపెయ్యాలి."

క్లాసులు పోగొట్టుకున్నవాళ్లని బోర్డు దగ్గరికి పిలవడం ఆయన అలవాటు. నన్ను డిల్లీశ్వరి చేతికిచ్చారు. ఆమె గీత కింది కొమ్మలన్నీ వరసగా చెరిపింది. ఒక్క దారి దగ్గర ఆగిపోయింది.

"అదీ చెరిపెయ్యమ్మా."

"ఇది మళ్లీ పైకొచ్చింది కద సార్."

"వస్తే ఏటి? గీత తాకింది కదా."

ఆమె ఆ దారిని చుక్క నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంది. తర్వాత దాన్నీ చెరిపింది.

అందరూ వెళ్లాక ఆమె ఒక్కతే నిలబడింది. "అటెండెన్సు తక్కువైంది సార్, పరీక్ష రాయనివ్వరట. హెడ్డుగారు ఒక్క మాట చెప్తే చాలన్నారు ఆఫీసులో."

మాస్టారు ఆమె వైపు చూడలేదు. "అటెండెన్సు చాలదని మొన్ననే ఇద్దర్ని ఆపీసినానమ్మా. నీకు మాత్రం ఎలా చెప్పగలను? వచ్చే ఏడు రాద్దువుగాని."

"సరే సార్" అంది. బతిమాలలేదు. ఆమె చెప్పుల చప్పుడు మెట్ల దాకా వినిపించింది. మాస్టారు నన్ను తీసుకుని గట్టుకేసి కొట్టడం మొదలుపెట్టారు. పొడి రాలడం ఆగిపోయినా కొడుతూనే ఉన్నారు. న్యాయంగా నడుచుకున్న మనిషి అంత దిగులుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి ఏడు డిల్లీశ్వరి తన కన్నా చిన్నవాళ్ల మధ్య వచ్చి కూర్చుంది. అదే చెట్టు, అదే గీత. మాస్టారు ఆమెనే పిలిచారు. ఈసారి ఎక్కడా ఆగకుండా చెరిపేసింది. ఏటా పాఠం అక్కడితో అయిపోయేది. ఆ రోజు మాత్రం ఆయన పక్కనే ఇంకో చెట్టు గీశారు.

"దీని సంగతి వేరు. గీత తాకేదాకా దీనికి ప్రాణమే లేదు. తాకితేనే బతుకుతాది. దీని ధర ఎంతమ్మా?"

ఆమె రెండు చెట్లనీ చూసింది. "కొత్తగా లెక్క కట్టక్కర్లేదు సార్. గీత లేని మామూలు ఆప్షన్ ధరలోంచి ఇందాకటిది తీసేస్తే చాలు. అక్కడ చెరిపిన దారులే ఇక్కడ ఉన్నాయి."

"అవును. చెరిపినవి ఎక్కడికీ పోలేదు. రెండూ కలిపితే మొత్తం." మనిషి క్షమాపణ చెప్పుకోవడానికి ఎంత దూరం నుంచి చుట్టు తిరిగి వస్తాడో అప్పుడు చూశాను.

డిల్లీశ్వరి ఆ "బానే ఉన్నాను" గొంతుతోనే, ఒక సందేహం అడిగినట్టే అడిగింది. "మా నాన్న ఏ చెట్టులో ఉన్నాడు సార్?"

మాస్టారు కళ్లజోడు తీశారు. "తెలీదమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "పోయినేడు నిన్ను రాయనివ్వాల్సింది" అన్నారు.

"అప్పుడు పాసైనా చెప్పడానికి నాన్న లేడు కద సార్" అంది. కోపంగా అనలేదు. రెండు చెట్లనీ చెరిపి, నన్ను బల్ల మీద పెట్టి, తన చోటుకి వెళ్లి కూర్చుంది.

క్లాసయ్యాక మాస్టారు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. కొట్టడానికి చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి దించి, నన్ను అలాగే పేపర్లో చుట్టేశారు. ఆ రోజు నుంచి నన్ను సంచిలోనే ఉంచి, బోర్డుకి వేరే డస్టర్ వాడారు.

ఆ ఏడు ఆమె పరీక్ష రాసి పాసయిందని విన్నాను. ఆ తర్వాత సుద్ద అక్కర్లేని గాజు బోర్డు వచ్చింది, మాస్టారు రిటైరయ్యారు, నన్ను విభాగం బీరువాలో పడేసి వెళ్లారు. ఇక్కడ చీకటిగా ఉంది, నాకేం ఇబ్బంది లేదు. ఆ రెండు చెట్ల సుద్ద ఇంకా నా గుడ్డలోనే ఉంది. ఎప్పుడైనా బీరువా సర్దుతూ ఎవరి చేతికైనా దొరికితే, దయచేసి నన్ను దులపకండి.